పిల్లల భరణం: కోర్టు ఎలా తేలుస్తుంది? కొన్ని అపోహలు, వాస్తవాలు

అపోహ: జీతంలో 25 శాతం ఇచ్చేస్తే సరిపోతుంది.

ఫ్యామిలీ కోర్టు కేసుల్లో నేను ఎక్కువగా వినే మాట ఇదే. పిల్లల భరణానికి ఇంత శాతం అని మన చట్టంలో ఎక్కడా లేదు. 2017లో సుప్రీంకోర్టు ఒక కేసులో, భర్త నికర జీతంలో 25 శాతం భార్యకు ఇవ్వడం సబబుగా ఉంటుందని చెప్పింది. అది పట్టుకుని అందరూ లెక్కలు వేసుకుంటున్నారు. నిజానికి కోర్టు తల్లిదండ్రులిద్దరి ఆదాయం, ఆస్తులు, అప్పులు, పిల్లల వయసు, చదువు, ఆరోగ్యం, ఇన్నాళ్లూ వాళ్లు ఎలా పెరిగారు అన్నవన్నీ చూస్తుంది. 2020లో రజ్నేష్ వర్సెస్ నేహా కేసులో సుప్రీంకోర్టు తీర్పు వచ్చాక ఇద్దరూ ఈ వివరాలతో అఫిడవిట్ (ప్రమాణ పత్రం) వేయాల్సిందే.

ఆ అఫిడవిట్ దగ్గరే చాలామంది నష్టపోతున్నారు. స్కూలు ఫీజు ఒక్కటి రాసి వదిలేస్తారు. వ్యాను, యూనిఫాం, పుస్తకాలు, ట్యూషన్, కళ్లద్దాలు, మందులు, ఇంటద్దె ఎవరు రాస్తారు? రసీదులన్నీ ఒక ఫైల్లో పెట్టుకోండి. ఏడాదికోసారి కట్టేవాటిని 12తో భాగించి నెల ఖర్చులో చూపించండి.

అపోహ: ఉద్యోగం మానేస్తే కట్టక్కర్లేదు.

ఆరోగ్యం, చదువు ఉన్న మనిషి సంపాదించగలడా లేదా అన్నది కూడా కోర్టు చూస్తుంది. నోటీసు అందిన వారానికే రాజీనామా చేస్తే, ఆ తేదీయే మీకు ఎదురు తిరుగుతుంది.

అపోహ: తల్లి సంపాదిస్తోంది కాబట్టి తండ్రికి బాధ్యత లేదు.

ఉంది. ఇద్దరూ సంపాదిస్తుంటే ఆదాయాన్ని బట్టి ఖర్చు పంచుకోవాలి.

అపోహ: పరస్పర అంగీకారంతో విడాకులు తీసుకున్నప్పుడు భరణం వద్దని సంతకం పెట్టేశాం, ఇక అడగలేం.

తల్లి తన భరణం వదులుకోవచ్చు. బిడ్డ హక్కును వదులుకునే అధికారం ఆమెకు లేదు. రాజీ పత్రంలో ఆ వాక్యం ఉన్నా పిల్లల తరఫున పిటిషన్ వేయవచ్చు.

అపోహ: డబ్బు కట్టకపోతే పిల్లల్ని చూపించక్కర్లేదు, చూపించకపోతే డబ్బు కట్టక్కర్లేదు.

రెండూ తప్పే. నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది ఇదే. పెద్దవాళ్ల పంతానికి స్కూలు ఫీజు ఆగిపోతుంది, లేదా నాన్న ఆదివారం రాకుండా పోతాడు. భరణం వేరు, కలిసే హక్కు వేరు. దేనికి దానికి కోర్టుకే వెళ్లాలి.

అపోహ: 18 ఏళ్లు నిండగానే అంతా ఆగిపోతుంది.

మామూలుగా అంతే. కానీ వైకల్యం వల్ల సంపాదించుకోలేని పిల్లలకు ఆ తర్వాత కూడా వస్తుంది. తనను తాను పోషించుకోలేని అవివాహిత హిందూ కుమార్తెకు 1956 నాటి హిందూ దత్తత, భరణ చట్టం కింద హక్కు ఉంది.

అపోహ: ఒకసారి ఖరారైతే మారదు.

ఫీజులు పెరిగినా, ఉద్యోగం నిజంగానే పోయినా మార్చమని అడగవచ్చు. బకాయిల విషయంలో మాత్రం జాగ్రత్త. భరణానికి సంబంధించిన పాత సీఆర్‌పీసీ (క్రిమినల్ ప్రొసీజర్ కోడ్) 125 సెక్షన్ స్థానంలో 2024 జూలై నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 144 సెక్షన్ కింద, ఏ నెల బకాయికైనా అది కట్టాల్సిన తేదీ నుంచి ఏడాదిలోపే వసూలుకు పిటిషన్ వేయాలి. "ఇస్తాలే" అన్న మాట నమ్మి ఆ ఏడాది దాటనివ్వకండి.