కాఫీ ఎగుమతుల్లో పోటీ: గుంటూరులో తరచూ వినబడే అపోహలు - వాస్తవాలు

పసుపు యార్డుకు పేరున్న దుగ్గిరాలలో తయారైన ఇన్‌స్టంట్ కాఫీ విదేశాలకు వెళ్తుందంటే గుంటూరులో ఇప్పటికీ కొందరు నమ్మరు. కాఫీ శాంపిళ్లు, ఎగుమతి పత్రాల పనిలో ఉన్నవాణ్ని కనుక, మిర్చి వ్యాపారం చేసే మిత్రులు అడిగే మాటలకు ఇక్కడ జవాబు రాస్తున్నాను.

అపోహ: తోటలు లేని చోట కాఫీ ఎగుమతి నిలబడదు.
వాస్తవం: కిలో ఇన్‌స్టంట్ పొడికి సుమారు 2.6 కిలోల పచ్చి గింజ పడుతుంది. ఆ గింజ కొడగు నుంచే రానక్కర లేదు. వియత్నాం నుంచి తెప్పించి, పొడి చేసి, తిరిగి ఎగుమతి చేయడం ఈ పరిశ్రమలో మామూలే.

అపోహ: రూపాయి పడితే ఎగుమతిదారుకు పండగే.
వాస్తవం: దిగుమతి గింజకు డాలర్లే కట్టాలి కనుక, కలిసొచ్చేది ఇక్కడి కూలి, కరెంటు వంటి ఖర్చుల మేరకే. కొనేవారికీ మారకం రేటు తెలుసు. తర్వాతి కాంట్రాక్టులో ధర తగ్గించమని అడిగి ఆ లాభంలో తమ వాటా రాబట్టుకుంటారు.

అపోహ: ధర తక్కువ చెప్పినవారిదే ఆర్డరు.
వాస్తవం: కాఫీలో రెండు ప్రధాన రకాలైన రొబస్టాకు లండన్‌లో, అరబికాకు న్యూయార్క్‌లో మూలధర తేలుతుంది. మేము బేరమాడేది దానిపై కలిపే లేదా తగ్గించే మొత్తం గురించి. దాన్నే డిఫరెన్షియల్ అంటాం. చదును నేలల్లో యంత్రాలతో కోసే బ్రెజిల్‌తో, హెక్టారుకు మనకు రెట్టింపు పైగా పండించే వియత్నాంతో చవకలో పోటీపడలేం. చెట్ల నీడన పెరిగి, చేత్తో కోసి, కడిగి ఆరబెట్టిన మన రొబస్టాకు (దీన్నే పార్చ్‌మెంటు అంటాం) మాత్రం ఎక్కువ ధర ఇచ్చేవారున్నారు. మన కాఫీని అందరికన్నా ఎక్కువగా కొనే ఇటలీ దాన్ని ఎస్ప్రెస్సో మిశ్రమాల్లో వాడుతుంది.

ఆ ఎక్కువ ధర ఎంత సున్నితమైనదో నాకు ఒక కంటైనరు నేర్పింది. శాంపిల్‌లో తేమ 10.5 శాతం ఉంది. ముసురు పట్టిన వారంలో మళ్లీ కొలవకుండా బస్తాలు ఎక్కించాం. రేవులో దించినప్పుడు కొనుగోలుదారు మీటరు 13 దాటి చూపింది, గోడవారన ఉన్న బస్తాలకు బూజు వాసన పట్టింది. ఆ సరుకుపై కోత ఒకసారితో పోయింది; డిఫరెన్షియల్ కోలుకోవడానికి రెండు సీజన్లు పట్టింది.

అపోహ: అరకు పేరు చాలు, సరుకు దానంతటదే అమ్ముడవుతుంది.
వాస్తవం: ‘అరకు వ్యాలీ అరబికా’కు 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అది పేరును కాపాడుతుంది గాని ధర నిర్ణయించదు. ఐరోపా సమాఖ్య (ఈయూ) 2023 నాటి చట్టం ప్రకారం, 2020 డిసెంబరు 31 తర్వాత అడవి నరికిన నేలలో పండిన కాఫీని అక్కడ అమ్మరాదు. అమలు తేదీ వాయిదా పడుతూ వస్తున్నా, ఎకరం రెండెకరాల గిరిజన రైతుల గింజలు ఒకే లాటులో కలిసేటప్పుడు ఏ గింజ ఏ తోటదో, ఆ తోట అక్షాంశ రేఖాంశాలేమిటో ఎవరు రాసి పెడుతున్నారని కొనుగోలుదారులు ఇప్పటినుంచే అడుగుతున్నారు.