ఛార్జ్ ఆర్డరింగ్, మాగ్నెటోఎలక్ట్రిక్ ఆక్సైడ్లు: అపోహలు - వాస్తవాలు

గుంటూరులో ఆక్సైడ్ పెల్లెట్లు (పొడిని నొక్కి చేసిన బిళ్లలు) చేసి కొలవడం నా పని. ఛార్జ్ ఆర్డరింగ్ అంటే వేర్వేరు ఛార్జ్ ఉన్న అయాన్లు స్ఫటికంలో క్రమంగా అమరడం. మాగ్నెటోఎలక్ట్రిక్ అంటే అయస్కాంత క్షేత్రానికి విద్యుత్ పోలరైజేషన్, విద్యుత్ క్షేత్రానికి అయస్కాంతత్వం స్పందించే పదార్థం. ప్రాజెక్టుకు వచ్చే ఎమ్మెస్సీ విద్యార్థుల నోట ఎక్కువగా వినిపించే నాలుగు మాటలివి.

అపోహ: హిస్టెరిసిస్ లూప్ వచ్చిందంటే అది ఫెర్రోఎలక్ట్రిక్కే.

ఫెర్రోఎలక్ట్రిక్ అంటే తనంతట తానే పోలరైజేషన్ (ధన, రుణ ఛార్జ్‌లు కాస్త ఎడం కావడం) కలిగి, విద్యుత్ క్షేత్రంతో దాన్ని తిరగేయగల పదార్థం. క్షేత్రాన్ని అటూ ఇటూ మార్చి పోలరైజేషన్ గీస్తే వచ్చే మూసిన వంపే హిస్టెరిసిస్ లూప్. అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసేది ఈ నమ్మకమే. కరెంటు లీకయ్యే పదార్థం ఏదైనా లూప్ గీసేస్తుంది. 2008లో భౌతిక శాస్త్రవేత్త జె.ఎఫ్. స్కాట్ అరటి తొక్కకు సిల్వర్ పేస్ట్ పూసి మరీ అలాంటి లూప్ చూపించారు. అసలైన లూప్ రెండు కొసల్లోనూ సన్నబడి మొనదేలుతుంది. లీకేజీ లూప్ కొసలు గుండ్రంగా ఉబ్బి ఉంటాయి. దయచేసి ఫ్రీక్వెన్సీ మార్చి, ఎలక్ట్రోడ్ మార్చి మళ్లీ కొలవండి. ఆ తర్వాతే పేపర్ సంగతి.

అపోహ: ఛార్జ్ ఆర్డరింగ్ ఉంటే పోలరైజేషన్ ఉండి తీరుతుంది.

లుటీషియం ఐరన్ ఆక్సైడ్ కథ గుర్తుంచుకోండి. అందులో సుమారు 320 కెల్విన్ దగ్గర రెండు, మూడు వేలెన్సీల ఇనుము అయాన్లు వరుసలో కుదురుకుంటాయి. ఆ అమరికే పోలరైజేషన్ ఇస్తుందని 2005లో పెద్ద ఆశ పుట్టింది. 2012 నాటి ప్రయోగాల్లో ఆ అమరిక పోలార్ కాదని, భారీ డైఎలక్ట్రిక్ విలువలు (విద్యుత్ క్షేత్రానికి పదార్థం ఎంత స్పందిస్తుందో చెప్పే అంకెలు) ఎలక్ట్రోడ్ కాంటాక్టుల వల్ల వచ్చినవని తేలింది. అయాన్లు వరుసలో కూర్చుంటే చాలదు, ఆ వరుస వల్ల స్ఫటికం కేంద్ర సౌష్ఠవం (కేంద్రానికి ఎదురెదురు దిక్కుల్లో ఒకేలా ఉండటం) పోవాలి.

అపోహ: ఆర్డరింగ్ అంటే ఒక అయాన్‌పై సరిగ్గా ఒక ఎలక్ట్రాన్ ఎక్కువ.

కాదు, తేడా అంతకంటే తక్కువే. సూదంటురాయిలో, అంటే మాగ్నెటైట్‌లో, విద్యుత్ వాహకత ఒక్కసారిగా పడిపోతుందని 1939లో వెర్వే గమనించిన మార్పు సుమారు 125 కెల్విన్ దగ్గర వస్తుంది. అక్కడ ఎలక్ట్రాన్‌ను మూడేసి ఇనుము అయాన్లు పంచుకుంటాయని 2012లో తెలిసింది.

అపోహ: మాగ్నెటోఎలక్ట్రిక్ కావాలంటే పదార్థం అయస్కాంతమూ, ఫెర్రోఎలక్ట్రిక్కూ రెండూ కావాలి.

ఆకుపచ్చ రంగుపొడిగా దొరికే క్రోమియం ఆక్సైడ్ రెండూ కాదు, యాంటీఫెర్రోమాగ్నెట్. అంటే దాని అయాన్ల అయస్కాంతత్వాలు ఎదురెదురుగా నిలిచి మొత్తం మీద సున్నా అవుతాయి. దాంట్లో ఈ ప్రభావం ఉంటుందని 1959లో జ్యలోషిన్‌స్కీ చెప్పారు, 1960లో ఆస్త్రోవ్ కొలిచి చూపించారు. అయితే దాని నీల్ ఉష్ణోగ్రత (ఆ అయస్కాంత అమరిక చెదిరిపోయే వేడి) 307 కెల్విన్, అంటే దాదాపు 34 డిగ్రీలు. మే నెలలో మన ఊళ్లో ఏసీ ఆగిందంటే గది వేడికే ప్రభావం మాయమైపోతుంది! అందుకే థర్మోకపుల్‌ను (ఉష్ణోగ్రత కొలిచే సాధనం) శాంపిల్‌కు ఆనించి పెట్టండి. పెల్లెట్‌ను 34 డిగ్రీలకు పైగా వేడిచేసి, విద్యుత్, అయస్కాంత క్షేత్రాలు రెండూ ఒకేసారి పెట్టి చల్లార్చండి. లేకపోతే ఎదురెదురు డొమైన్లు (ఒకే అమరిక ఉన్న చిన్న ప్రాంతాలు) ఒకదాన్నొకటి చెరిపేసుకుని మీటర్ సున్నా చూపిస్తుంది.