నోట్‌బుక్‌లో ఉన్న మాట చెవికి ఎందుకు అందదు? ఉజ్బెక్ విద్యార్థుల ఇంగ్లిష్ లిజనింగ్: అపోహలు - వాస్తవాలు

తాష్కెంట్‌లో ఇంగ్లిష్ పాఠాలు చెప్పడం మొదలుపెట్టి ఆరేళ్లు దాటింది. ఈ ఆరేళ్లలో ఒకే ప్రశ్న ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. "ఉస్తోజ్, లిజనింగ్ అర్థం కావడం లేదు. నాకు మాటలు సరిపోవడం లేదు. ఇంకో వెయ్యి బట్టీ పడితే వస్తుందా?" ఉస్తోజ్ అంటే మన ఉస్తాదే. ఆడవాళ్లయినా మగవాళ్లయినా ఇక్కడ టీచర్లను అలాగే పిలుస్తారు. అడిగేవాళ్ల చేతిలో తప్పకుండా ఒక లుఘత్ దఫ్తర్, అంటే మాటల నోట్‌బుక్, ఉంటుంది. ఎడమవైపు ఇంగ్లిష్ మాట, కుడివైపు ఉజ్బెక్ అర్థం, రోజుకు 30 నుంచి 50 మాటలు.

పోయిన చలికాలంలో ఒకమ్మాయి అలాంటివి నాలుగు తెచ్చి నా బల్ల మీద పెట్టింది. ఐఈఎల్‌టీఎస్ ప్రాక్టీస్ టెస్టులో లిజనింగ్‌కి 40కి 14 వచ్చాయట. మాట్లాడుతుంటేనే గొంతు వణుకుతోంది. ఆమె బాగా తప్పులు చేసిన భాగం ట్రాన్స్‌క్రిప్ట్, అంటే ఆడియోలోని మాటలన్నీ రాసి ఉన్న కాగితం, తీసి చేతిలో పెట్టి, తెలియని మాటల కింద గీత గీయమన్నాను. రెండు పేజీల్లో గీసింది ఆరు గీతలు. మిగిలినవన్నీ తెలిసిన మాటలే. "మరి ఇవన్నీ ఆడియోలో ఉన్నాయా?" అని అడిగింది. ఉన్నాయి. ఆమెకు వినపడలేదు.

అపోహ: మాటలు తక్కువ కాబట్టే వినేది అర్థం కావడం లేదు.

పిల్లల సమయాన్ని, తల్లిదండ్రుల డబ్బును ఎక్కువగా తినేస్తున్నది ఈ అపోహే. అందుకే దీని గురించే ఎక్కువ చెబుతాను.

కంటితో చూసి గుర్తుపట్టే మాట వేరు, చెవితో పట్టుకునే మాట వేరు. "ఐ షుడ్ హ్యావ్ ఆస్క్‌డ్ హిమ్" అని కాగితం మీద రాస్తే ఇక్కడ ఎనిమిదో తరగతి పిల్లవాడు కూడా అర్థం చెప్పేస్తాడు. అదే రికార్డింగులో "ఐ షుడవాస్క్‌టిమ్" అని ఒక్క ముద్దగా వస్తుంది. హ్యావ్‌లో హ లేదు, హిమ్‌లోనూ హ లేదు, మాటకీ మాటకీ మధ్య ఖాళీ లేదు. నోట్‌బుక్‌లో ఇంకో వెయ్యి మాటలు చేరినా ఈ ముద్ద విడిపోదు.

ఉజ్బెక్ పిల్లలకు ఇది మరీ కష్టం కావడానికి వాళ్ల భాషలోనే కారణాలున్నాయి. 1993లో చట్టం చేసి తెచ్చిన లాటిన్ లిపిలో ఉజ్బెక్‌ను దాదాపు రాసినట్టే చదువుతారు, మన తెలుగులాగే. ఆ అలవాటుతో వెజిటబుల్ అన్న మాటను కూడా మనసులో "వెగెటబ్లె" అని దాచుకుంటారు. రికార్డింగులో "వెజ్‌టబ్ల్" అని వస్తే అదేదో కొత్త మాట అనుకుంటారు. ఇక ఒత్తు సంగతి. ఒత్తక్షరం కాదు, మాటలో ఒక భాగాన్ని నొక్కి పలకడం, అంటే స్ట్రెస్. ఉజ్బెక్‌లో ఒత్తు సాధారణంగా మాట చివర పడుతుంది. కితోబ్ అంటే పుస్తకం, కితోబ్‌లర్ అంటే పుస్తకాలు. ప్రత్యయం చేరితే ఒత్తు కూడా దానితోపాటు చివరికి జరుగుతుంది. ఇంగ్లిష్‌లో చాలా మాటలకు ఒత్తు మొదట్లోనే ఉంటుంది. ఒత్తు పడిన చోట మాట అయిపోయిందనుకుని విరగ్గొట్టే చెవికి ఇంగ్లిష్ వాక్యం అడ్డదిడ్డంగా ముక్కలవుతుంది. షిప్, షీప్ తేడా మనకు పుట్టుకతోనే వస్తుంది, ఎందుకంటే మనకు వడ వేరు, వాడ వేరు. ఉజ్బెక్‌లో అచ్చు పొడవును బట్టి అర్థం మారదు. ఆ పిల్లలు దాన్ని విడిగా నేర్చుకోవాలి.

దీనికి సరిగ్గా తలకిందులైన ఉదాహరణ మన తెలుగు పిల్లల దగ్గరే కనపడుతుంది. ఇక్కడ ఎంబీబీఎస్ చదవడానికి వచ్చినవాళ్లు కొంతమంది నాకు తెలుసు. ఆదివారం చోర్సు బజారుకు వెళ్లి "కంచా?" అని ధర అడుగుతారు. అమ్మే ఆవిడ గబగబా "యిగిర్మా బెష్ మింగ్" అంటుంది. పాతికవేలు అని వెంటనే అర్థమైపోతుంది, బేరమూ మొదలవుతుంది. అదే మాట ఉజ్బెక్‌లో రాసి చూపించండి, చదవడానికి తడుముకుంటారు. వాళ్లకు మాట చెవిలో ఉంది, కంటిలో లేదు. నా క్లాసులో పిల్లలకు ఇంగ్లిష్ కంటిలో ఉంది, చెవిలో లేదు.

నాకు ఉజ్బెక్ వచ్చింది కూడా చాలావరకు మెట్రోలోనే. రోజూ రెండు పూటలా "ఎషిక్లర్ యోపిలది, కెయింగి బెకత్..." అని వినపడేది. తలుపులు మూసుకుంటున్నాయి, తర్వాతి స్టేషన్ ఫలానా. మొదట్లో అంతా ఒకటే రొద. తలుపులు మూసుకోవడం కంటికి కనపడుతోంది కాబట్టి యోపిలది అంటే ఏమిటో ఎవరూ చెప్పకుండానే తెలిసింది. ఒకరోజు క్లాసులో ఒక పిల్లవాడు "కెయింగి దర్స్" అన్నాడు. తర్వాతి పాఠం అన్నమాట! స్టేషన్ పేరుతో అతుక్కుని ఉన్న కెయింగి అప్పుడు విడిపోయి నా సొంత మాట అయింది. వింటూ మాటలు నేర్చుకోవడమంటే ఇదే. అవే మాటలు మళ్లీ మళ్లీ రావాలి, సందర్భం తెలియాలి, తర్వాత ఇంకోచోట ఎదురుపడాలి.

అందుకే నా క్లాసులో రెండు నిమిషాల ఆడియో ఒకటే వారమంతా నడుస్తుంది. మొదటిసారి కాగితం లేకుండా వినాలి. రెండోసారి ఆపుతూ, వినపడింది వినపడినట్టు ఉజ్బెక్ అక్షరాల్లోనైనా సరే రాయాలి. తర్వాతే ట్రాన్స్‌క్రిప్ట్ ఇస్తాను. అసలే తెలియని మాటకు ఎర్ర గీత, తెలిసీ వినపడని మాటకు ఆకుపచ్చ గీత. దాదాపు ప్రతి పిల్లవాడి కాగితంలోనూ ఆకుపచ్చే ఎక్కువ. ఆకుపచ్చ ముక్కలను ఐదారుసార్లు విని, రికార్డింగుతో పాటే పైకి అనాలి. ఎర్ర వాటిలో ఐదో ఆరో మాత్రమే నోట్‌బుక్‌లోకి ఎక్కుతాయి. అవి కూడా ఒంటరి మాటగా కాదు, ఆడియోలో వచ్చిన ముక్క మొత్తం, ఒత్తు ఎక్కడుందో గుర్తు పెట్టి. మర్నాడు మళ్లీ అదే ఆడియో. విసుగ్గా ఉంటుందని పిల్లలు అంటారు, నిజమే. నాలుగో రోజు ఆ ముద్ద దానంతటదే విడిపోయినప్పుడు వాళ్ల ముఖాలు చూడాలి.

మాటల సంఖ్య అసలు ముఖ్యం కాదా అంటే, ముఖ్యమే. మాట్లాడే ఇంగ్లిష్‌లో 98 శాతం తెలియాలంటే 6,000 నుంచి 7,000 పద కుటుంబాలు (ఒక మాట, దాని నుంచి పుట్టిన రూపాలు కలిపి ఒక కుటుంబం) కావాలని భాషా పరిశోధకుడు పాల్ నేషన్ 2006లో లెక్క వేశారు. ఈ అంకె చూసి బెదిరిపోకండి. బాగా వాడుకలో ఉన్న మొదటి 3,000తోనే సుమారు 95 శాతం వచ్చేస్తుంది. నా దగ్గరికి వచ్చే పిల్లల నోట్‌బుక్కుల్లో ఆ 3,000 ఎక్కువభాగం ఇప్పటికే ఉన్నాయి. వాటిని చెవికి ఎక్కించకుండా అరుదైన మాటల వెంట పడటమే నాకు బాధ.

మిగిలిన అపోహలు త్వరగా చెప్పేస్తాను.

నిద్రలో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుంటే మాటలు వస్తాయన్న మాట ఎవరు పుట్టించారో గానీ దయచేసి మానేయండి. పరీక్ష ముందు ఆ కాస్త నిద్ర కూడా పాడవుతుంది.

నెమ్మదైన ఆడియో వింటే చెవి చెడిపోతుందని భయపడతారు. 1959లో వాయిస్ ఆఫ్ అమెరికా మొదలుపెట్టిన స్పెషల్ ఇంగ్లిష్ సుమారు 1,500 మాటలతో, మామూలు కంటే తక్కువ వేగంతో నడిచింది. ఎన్నో దేశాలవాళ్లు దానితో నేర్చుకున్నారు. మొదట నెమ్మదిగా, తర్వాత వేగంగా వినండి.

రష్యన్ సబ్‌టైటిల్స్‌తో సినిమా చూస్తే ఆ రెండు గంటలూ మీరు రష్యన్ చదివినట్టే. ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్ పెట్టుకోండి, అదీ రెండోసారి చూసేటప్పుడు.

రష్యన్ దారిలో వచ్చిన మాటలు ఉచితంగా వచ్చాయని అనుకోవద్దు. మగజిన్ అంటే ఇక్కడ దుకాణం, ఇంగ్లిష్‌లో పత్రిక. ఉనివెర్సితెత్ తెలుసు కదా అని ధీమాగా ఉంటారు, ఇంగ్లిష్‌లో ఒత్తు మారేసరికి ఆ మాటే జారిపోతుంది.

బ్రిటిష్ యాస ఒక్కటే వింటే చాలని కోచింగ్‌లో చెప్పారట. ఐఈఎల్‌టీఎస్‌లో ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, ఉత్తర అమెరికా యాసలు కూడా వస్తాయి. ఆడియో ఒక్కసారే వినిపిస్తారు.

ఇంకొకటి తల్లిదండ్రులు మొహమాటపడుతూ అడుగుతారు: ఇండియా టీచర్ దగ్గర నేర్చుకుంటే ఉచ్చారణ పాడవదా అని. వెస్ట్ అన్న పలుకు డబ్ల్యూతో మొదలైతే పడమర, వీతో మొదలైతే బనియను. ఆ తేడా ఉజ్బెక్‌లోనూ లేదు, తెలుగులోనూ లేదు. వాళ్లు థింక్‌ను సింక్ అంటారు, మనం మన థ పెట్టి అంటాం. అందుకే వినడానికి నా గొంతు ఇవ్వను, రికార్డింగులే ఇస్తాను. ఏ శబ్దం ఎక్కడ జారిపోతుందో చూపించడం నా పని. నేను కూడా అదే దారిలో పడుతూ లేస్తూ వచ్చాను కాబట్టి ఆ గుంటలు నాకు తెలుసు.

ఆ నాలుగు నోట్‌బుక్కుల అమ్మాయి మూడు నెలల తర్వాత మళ్లీ టెస్టు రాసింది. 40కి 25. ఈ మూడు నెలల్లో ఆమె నోట్‌బుక్‌లో ఎక్కించిన కొత్త మాటలు 80 కూడా ఉండవు. థర్టీన్, థర్టీ దగ్గర ఇంకా తడబడుతోంది. ఉజ్బెక్‌లో ఓన్ ఉచ్ ఒకటి, ఓత్తిజ్ ఒకటి, కలిసిపోయే ప్రమాదమే లేదు. అందుకని ఈ వారం ఫోన్ నంబర్లు, రైలు టైములు ఉన్న ఆడియోలే ఇస్తున్నాను. పాత నోట్‌బుక్కులు పారేయాలా అని వాళ్లమ్మ అడిగింది. వద్దన్నాను. రోజుకు ఒక పేజీ తెరిచి, అందులో మాటలను కుడివైపు అర్థం చూడకుండా ఫోన్‌లో వినమన్నాను. ఇప్పుడు రెండో నోట్‌బుక్ మధ్యలో ఉంది.