ఎంసీ కార్ట్రిడ్జ్‌కి ఫోనో ప్రీయాంప్: అపోహలు – వాస్తవాలు

రికార్డు ప్లేయర్ నుంచి వచ్చే సన్నని సిగ్నల్‌ని ఆంప్లిఫయర్‌కి సరిపడేలా పెంచేది ఫోనో ప్రీయాంప్. రిపేరుకని నా బల్ల మీదకు వచ్చే ఖరీదైన ఫోనో ప్రీయాంప్‌లలో చాలావాటికి ఏ రోగమూ ఉండదు. కార్ట్రిడ్జ్ (సూది కదలికను విద్యుత్ సిగ్నల్‌గా మార్చే భాగం) మంచిదే, ప్రీయాంప్ మంచిదే, జోడీ మాత్రం కుదరలేదు. లక్షలు పోసి కొన్నవాళ్లు "పాట పల్చగా ఉంది", "హమ్ వస్తోంది", "నా పాత ఎంఎం కార్ట్రిడ్జే నయం" అని దిగులుగా వస్తారు. ఎంఎం (మూవింగ్ మాగ్నెట్)లో సూదితో అయస్కాంతం కదులుతుంది, ఎంసీ (మూవింగ్ కాయిల్)లో తీగచుట్ట కదులుతుంది; ఎంసీ సిగ్నల్ చాలా చిన్నది. వాళ్ల నోట నేను పదేపదే వినే మాటలు కొన్ని ఇక్కడ రాస్తున్నాను. లెక్కలకి డెనాన్ డీఎల్-103ని తీసుకుంటాను. 1960ల మొదట్లో జపాన్ ప్రసార సంస్థ ఎన్‌హెచ్‌కే స్టూడియోల కోసం తయారైన కార్ట్రిడ్జ్ ఇది. అవుట్‌పుట్ 0.3 మిల్లీవోల్టు, కాయిల్ ఇంపెడెన్స్ 40 ఓమ్‌లు. ఈ రెండు అంకెలు గుర్తుంచుకోండి, కింద అంతా వీటి చుట్టూనే తిరుగుతుంది.

అపోహ: గెయిన్ ఎంత ఎక్కువుంటే అంత మంచిది

గెయిన్ అంటే ప్రీయాంప్ సిగ్నల్‌ని ఎన్ని రెట్లు పెంచుతుందన్నది. ఆంప్లిఫయర్‌కి అందాల్సింది సుమారు 300 మిల్లీవోల్టులు. 0.3ని 300 చేయాలంటే 1000 రెట్లు, అంటే 60 డెసిబెల్‌లు. ఎంఎంకి 40 సరిపోతుంది. "ఇంకాస్త దమ్ము" కోసం డీఎల్-103కి 70 పెట్టారనుకోండి. మామూలు స్థాయిలోనే దాదాపు 1 వోల్టు బయటికి వస్తుంది. రికార్డులో గట్టి భాగం దానికి ఐదు రెట్లు ఉండొచ్చు. గీత మీద సూది పడినప్పుడు వచ్చే టిక్కు ఇంకా పెద్దది. అక్కడ ప్రీయాంప్ తన హద్దు దాటి క్లిప్ అయి, తేరుకునేలోపు ఆ చిన్న టిక్కు "టక్" అని పెద్దదై వినిపిస్తుంది. రికార్డు గీతలు పడిపోయిందని బాధపడేవాళ్ల ఇంట్లో గెయిన్ ఒక మెట్టు తగ్గిస్తే సగం గీతలు మాయమవడం నేను చాలాసార్లు చూశాను.

అపోహ: లోడింగ్ స్విచ్ అంటే ట్రెబుల్ నాబే

లోడు అంటే ప్రీయాంప్ ఇన్‌పుట్‌లో కార్ట్రిడ్జ్‌కి ఎదురయ్యే నిరోధం. దాన్ని ట్రెబుల్ నాబ్ అనుకోవడం ఎంఎం రోజుల అలవాటు. ఎంఎం కాయిల్‌లో వేల చుట్లుంటాయి, ఇండక్టెన్స్ 500 మిల్లీహెన్రీల దాకా పోతుంది. దానికి కేబుల్‌లోని 200 పీకోఫారడ్‌లు తోడైతే రెజొనెన్స్ (ఒక ఫ్రీక్వెన్సీ దగ్గర సిగ్నల్ ఉబ్బడం) 16 కిలోహెర్ట్జ్ దగ్గర, వినికిడి పరిధిలోనే పడుతుంది. కాబట్టి ఎంఎంకి ఏ కేబుల్ వాడారన్నది నిజంగానే చెవికి తెలుస్తుంది.

ఎంసీలో చుట్లు చాలా తక్కువ. ఇండక్టెన్స్ 50 మైక్రోహెన్రీలు అనుకుంటే అదే కేబుల్‌తో రెజొనెన్స్ 1.6 మెగాహెర్ట్జ్ దగ్గర పడుతుంది. అది మీడియం వేవ్ రేడియో పరిధి చివరి అంచు! సంగీతంలోని ట్రెబుల్‌కి దానితో నేరుగా సంబంధం లేదు. మరి 100 ఓమ్‌లకీ 1000 ఓమ్‌లకీ తేడా ఎందుకు వినిపిస్తుంది? ఆ రేడియో పరిధిలోని ఉబ్బు ప్రీయాంప్ మొదటి దశను కలవరపెడుతుంది. లోడు తగ్గిస్తే ఆ ఉబ్బు అణుగుతుంది. మొదటి దశ గట్టిగా కట్టిన ప్రీయాంప్‌లో లోడు మార్చినా పెద్ద తేడా రాదు. ప్రతి ఓముకీ ధ్వని మారిపోతోందంటే నేను ముందు ప్రీయాంప్‌నే అనుమానిస్తాను.

రెండో కారణం ఇంకా సాదా. 40 ఓమ్‌ల కాయిల్‌ని 100 ఓమ్‌లకు కలిపితే మీకు దక్కేది 71 శాతం వోల్టేజీ, అంటే దాదాపు 3 డెసిబెల్‌లు పోయినట్టే. 400 ఓమ్‌లకు కలిపితే ఒక డెసిబెల్ కూడా పోదు. గట్టిగా వినిపించేదే బాగున్నట్టు అనిపించడం మనిషి చెవి గుణం. రెండు లోడ్లు పోల్చేటప్పుడు వాల్యూమ్ సమానం చేయకుండా తీర్పు చెప్పకండి. కాయిల్‌కి పది రెట్ల లోడుతో మొదలుపెట్టండి, డీఎల్-103కైతే 400. అక్కడి నుంచి తగ్గిస్తూ వినండి.

అపోహ: స్టెప్-అప్ ట్రాన్స్‌ఫార్మర్ నిష్పత్తి పెద్దదైతే మేలు

స్టెప్-అప్ ట్రాన్స్‌ఫార్మర్ ఎంసీ వోల్టేజీని ఎంఎం ఇన్‌పుట్ స్థాయికి పెంచుతుంది; ఎన్ని రెట్లన్నది దాని చుట్ల నిష్పత్తి. నాకు అన్నిటికన్నా ఎక్కువ బాధ కలిగించేది ఈ అపోహే. ఎంతో శ్రద్ధగా చుట్టిన ట్రాన్స్‌ఫార్మర్ తప్పు చోట పడి చెడ్డపేరు తెచ్చుకుంటుంది. ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజీని పెంచడంతో ఆగదు. దాని అవతల ఎంఎం ఇన్‌పుట్‌లో ఉన్న 47 కిలో ఓమ్‌లను నిష్పత్తి వర్గంతో భాగించి కార్ట్రిడ్జ్‌కి చూపిస్తుంది. 1:10 పెడితే డీఎల్-103కి కనిపించేది 470 ఓమ్‌లు, బయటికి వచ్చేది సుమారు 2.8 మిల్లీవోల్టులు. ఎంఎం ఇన్‌పుట్‌కి చక్కగా సరిపోతుంది. 1:30 పెడితే కాగితం మీద 9 మిల్లీవోల్టులు రావాలి. కానీ కార్ట్రిడ్జ్‌కి కనిపించేది 52 ఓమ్‌లే, తన 40 ఓమ్‌లతో పంచుకోగా మిగిలేది 5 చిల్లర. పైగా అంత నిష్పత్తిలో ప్రైమరీని (కార్ట్రిడ్జ్ వైపు చుట్టను) రెండు మూడు ఓమ్‌ల కాయిల్‌ని దృష్టిలో పెట్టుకుని చుడతారు. 40 ఓమ్‌లు తగిలిస్తే బాస్ కింది నుంచి జారిపోతుంది. "పాట పల్చగా ఉంది" అన్నాయన ఇంట్లో జరిగింది అచ్చంగా ఇదే.

అదే 1:30ని 2 ఓమ్‌ల కాయిల్ ఉన్న ఓర్టోఫాన్ ఎస్‌పీయూకి కలపండి. 1959 నాటి ఆ డెన్మార్క్ కార్ట్రిడ్జ్ 0.2 మిల్లీవోల్టే ఇచ్చినా, అవతల 6కి దగ్గరగా, బరువైన బాస్‌తో వస్తుంది. ట్రాన్స్‌ఫార్మర్ మారలేదు, జోడీ మారింది.

అపోహ: హమ్ వస్తోందంటే ప్రీయాంప్ నాసిరకం

రాజమండ్రిలో ఒక రిటైర్డ్ మాస్టారు ఫోన్ చేశారు. "బాబూ, రెండు లక్షలు పోశాను. పాట ఆగితే చాలు, గుయ్‌మంటోంది. వాపసు ఇచ్చేయమంటావా?" తొందరపడొద్దని చెప్పి వెళ్లాను.

రికార్డు కోసేటప్పుడు బాస్‌ని తగ్గించి, ట్రెబుల్‌ని పెంచి కోస్తారు. ప్రీయాంప్ దాన్ని తిరగేస్తుంది. అదే 1954లో ఖరారైన ఆర్‌ఐఏఏ కర్వ్. మన కరెంటు 50 హెర్ట్జ్. ఆ చోట కర్వ్ సుమారు 17 డెసిబెల్‌లు పైకెత్తుతుంది. మధ్య స్వరాలకు 1000 రెట్లున్న గెయిన్, కరెంటు హమ్‌కి 7000 రెట్లు! అందుకే ఎంఎంతో నిశ్శబ్దంగా ఉన్న గదిలోనే ఎంసీ పెట్టగానే హమ్ బయటపడుతుంది.

మాస్టారి ప్రీయాంప్ ఆంప్లిఫయర్‌ని ఆనుకుని ఉంది, లోపలి పెద్ద ట్రాన్స్‌ఫార్మర్‌కి జానెడు దూరంలో. రెండడుగులు జరిపితే హమ్ బాగా తగ్గింది. టర్న్‌టేబుల్ ఎర్త్ వైరు చూస్తే, దాని కొక్కెం స్క్రూ కింద కాకుండా పెయింటు మీద ఆనుకుని ఉంది. పెయింటు గీకి బిగించాను, హమ్ పూర్తిగా పోయింది. మిగిలింది "జర్ర్"మనే సన్నని కీచు. లేచి ఫ్యాన్ ఆపాను, అదీ ఆగిపోయింది. ఆ గదిలోది ఎలక్ట్రానిక్ రెగ్యులేటర్, ప్రీయాంప్ ప్లగ్గు కూడా అదే లైనులో ఉంది. ప్లగ్గుని పక్కగది లైనుకి మార్చాం. మాస్టారు కుర్చీలో కూర్చుని, పాటకీ పాటకీ మధ్య ఖాళీని కూడా శ్రద్ధగా విన్నారు.

ఒక్క మాట. హమ్ తగ్గుతుందని మూడు పిన్నుల ప్లగ్గులో ఎర్త్ పిన్ను తీసేసేవాళ్లున్నారు. దయచేసి ఆ పని చేయకండి. అది ప్రాణం కోసం పెట్టింది.

అపోహ: డబ్బు పోసేకొద్దీ నిశ్శబ్దం పెరుగుతుంది

కొంత దూరమే. 40 ఓమ్‌ల కాయిల్ తనంతట తానే, వేడి వల్ల, వినికిడి పరిధిలో 0.11 మైక్రోవోల్టు శబ్దం పుట్టిస్తుంది. 0.3 మిల్లీవోల్టుతో పోలిస్తే 68 డెసిబెల్‌ల తేడా. ఏ ప్రీయాంపూ, ఎంత ధరదైనా, ఆ కాయిల్ రొదను తీసేయలేదు. మంచి ప్రీయాంప్ చేసేదల్లా తన రొద దానికి కలపకపోవడం. ఇక్కడ ఇంకో జాగ్రత్త. ఈ పనికి పేరుపడ్డ తోషిబా 2ఎస్‌కే170 ట్రాన్సిస్టర్ తయారీ ఎప్పుడో ఆగింది. మార్కెట్లో ఆ పేరుతో నకిలీలు విస్తారంగా ఉన్నాయి. రిపేరులో దాన్ని మార్చాక "స్" అనే శబ్దం పెరిగిందంటే, ముందు ఆ కొత్త ట్రాన్సిస్టర్‌నే అనుమానించండి.

వాక్యూమ్ ట్యూబులంటే నాకు ఇష్టమే. కానీ 0.3 మిల్లీవోల్టుని నేరుగా ట్యూబుకిస్తే దాని సొంత రొద పైకి వస్తుంది. ముందు ట్రాన్స్‌ఫార్మర్, తర్వాత ట్యూబు పెట్టండి.

అపోహ: ధర ఎక్కువైతే ఆర్‌ఐఏఏ కచ్చితంగా ఉన్నట్టే

ఒకావిడ తెచ్చిన ప్రీయాంప్ ధర నా బల్ల మీది పరికరాలన్నిటికన్నా ఎక్కువ. ఆవిడ ఫిర్యాదు విచిత్రంగా ఉంది: "గాయని గొంతు మధ్యలోనే ఉందండీ. 'స', 'శ' పలికినప్పుడు మాత్రం కుడివైపుకు జరుగుతోంది." ఆ చెవికి దండం పెట్టాలనిపించింది. కొలిచి చూస్తే 1 కిలోహెర్ట్జ్ దగ్గర రెండు ఛానెళ్లూ సమానం. 10 దగ్గర ఎడమ ఛానెల్ 0.8 డెసిబెల్ తక్కువ. ట్రెబుల్‌ని దించే 75 మైక్రోసెకండ్ల విభాగంలో ఎడమవైపు కెపాసిటర్ పది శాతం ఎక్కువ విలువతో ఉంది. కొలిచి ఏరిన పాలీప్రొపిలీన్ కెపాసిటర్ వేశాను. ఆ ముక్క ధర వంద రూపాయలు దాటదు.

అపోహ: పాత రికార్డులన్నిటికీ వేరే కర్వ్ కావాలి

స్టీరియో ఎల్పీలకు ఆర్‌ఐఏఏతో నిశ్చింతగా ఉండండి. వేరే కర్వ్‌లు నిజంగా అవసరమయ్యేది 1954కి ముందు కోసిన వాటికి. తాతగారి పెట్టెలోని కలకత్తా డమ్‌డమ్ ఫ్యాక్టరీ 78లు (నిమిషానికి 78 చుట్లు తిరిగే రికార్డులు) ఉన్నవాళ్లకు ఇది పనికొస్తుంది. కానీ ముందు కావలసింది ఆ వెడల్పు గాడికి సరిపోయే 3 మిల్ (0.003 అంగుళం) సూది. ఎల్పీ సూదితో వాటిని ఆడిస్తే ఏ కర్వూ కాపాడదు.

అపోహ: కాయిల్ బాగుందో లేదో మల్టీమీటర్‌తో చూడొచ్చు

వద్దు. డీఎల్-103 పుట్టించేది మైక్రోఆంపియర్లలో. ఓమ్ రేంజిలో మీటరు పంపే కరెంటు దానికి వంద రెట్లకు పైగా ఉండొచ్చు. వెంట్రుకకన్నా సన్నని తీగను అలా పరీక్షించకూడదు. స్టెప్-అప్ ట్రాన్స్‌ఫార్మర్‌ని కూడా అంతే, దాని కోర్‌కి అయస్కాంతత్వం పట్టుకుంటుంది. ఒక వైపు మూగబోయిందా? వాల్యూమ్ పూర్తిగా తగ్గించి, ప్రీయాంప్ వెనక టర్న్‌టేబుల్ నుంచి వచ్చే ఎడమ, కుడి వైర్లు ఒకదాని చోట ఒకటి పెట్టి, మెల్లగా పెంచి వినండి. మూగతనం రెండో వైపుకు మారితే తప్పు కార్ట్రిడ్జ్‌లోనో, ఆర్మ్ వైరులోనో ఉంది. మారకపోతే ప్రీయాంప్ నుంచి అవతల వెతకండి.