వెయిట్‌లిఫ్టింగ్‌లో ఉత్ప్రేరకాలు: కొండవెలగాడను తాకిన చరిత్ర

2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో విజయనగరం జిల్లా కొండవెలగాడకు చెందిన మత్స సంతోషి 53 కిలోల విభాగంలో మొత్తం 188 కిలోలు ఎత్తి కాంస్యం గెలిచారు. స్వర్ణం గెలిచిన నైజీరియా క్రీడాకారిణి చికా అమలాహా మూత్ర నమూనాలో అమిలోరైడ్, హైడ్రోక్లోరోథయజైడ్ అనే మందులు బయటపడడంతో ఆమె పతకాన్ని రద్దు చేశారు. దాంతో సంతోషి కాంస్యం రజతంగా మారింది. అప్పటికి అమలాహా వయసు పదహారేళ్లే. ఆ మాత్రలు అంత చిన్నపిల్ల చేతికి ఎలా చేరాయన్న ప్రశ్న మాత్రం పతకాల లెక్క మారినంత త్వరగా తేలేది కాదు.

ఆ రెండూ కండలు పెంచే మందులు కావు. ఒంట్లో చేరిన నీరు తీయడానికీ, రక్తపోటుకూ డాక్టర్లు మామూలుగా రాసేవే. నీరు పోతే బరువు తగ్గి కింది విభాగంలో పోటీకి దిగవచ్చు. పైగా మూత్రం పలచబడితే అంతకుముందు వాడిన స్టెరాయిడ్ల జాడ పట్టుకోవడం కష్టమవుతుంది. శరీర బరువును బట్టి విభాగాలు కట్టే ఈ ఆటలో ఇలాంటి మందులు మళ్లీ మళ్లీ పట్టుబడడానికి కారణం అదే.

స్టెరాయిడ్ల కథ ఇంకా పాతది. 1958లో అమెరికా మార్కెట్‌లోకి వచ్చిన డయానబాల్ అనే స్టెరాయిడ్ మాత్రను జాన్ జీగ్లర్ అనే వైద్యుడు అక్కడి యార్క్ క్లబ్ లిఫ్టర్లకు అలవాటు చేశాడు. ఒలింపిక్స్‌లో డోప్ పరీక్షలు 1968లోనే మొదలైనా, స్టెరాయిడ్లను పట్టే పరీక్ష 1976 మాంట్రియల్ క్రీడల దాకా రాలేదు. 1988 సియోల్ అంటే అందరికీ స్టెరాయిడ్‌తో పట్టుబడిన పరుగువీరుడు బెన్ జాన్సన్ గుర్తొస్తాడు గానీ, అక్కడే ఇద్దరు బల్గేరియా స్వర్ణ విజేతలు ఒంట్లో నీరు తీసే మందే అయిన ఫ్యూరోసెమైడ్‌తో దొరికిపోగా వారి వెయిట్‌లిఫ్టింగ్ జట్టు పోటీల మధ్యలోనే తప్పుకుంది. మహిళల వెయిట్‌లిఫ్టింగ్‌కు తొలిసారి చోటు దక్కిన 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లోనూ, 48 కిలోల విభాగం గెలిచిన ఇజబెలా డ్రాగ్నేవా అదే మందుతో స్వర్ణం పోగొట్టుకుంది. శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేట అమ్మాయి కరణం మల్లీశ్వరి 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చింది ఆ క్రీడల్లోనే.

మన దేశం చరిత్రా గొప్పగా చెప్పుకోదగింది కాదు. 2004 ఏథెన్స్‌లో ఇద్దరు భారత మహిళా లిఫ్టర్లు పట్టుబడ్డారు. 2009లో మరో ఆరుగురు దొరకడంతో జాతీయ సమాఖ్యపై పడిన నిషేధం 5 లక్షల డాలర్ల జరిమానా కట్టాకే తొలగింది. సమాఖ్యపై వేటు పడితే ఏ తప్పూ చేయని లిఫ్టరు కూడా అంతర్జాతీయ పోటీకి వెళ్లలేడు. పతకం చూపించి రైల్వేలోనో, పోలీసులోనో, సైన్యంలోనో క్రీడా కోటా ఉద్యోగం తెచ్చుకోవాలనుకునే ఉత్తరాంధ్ర కుటుంబాలకు అది పరువు సమస్య కన్నా ముందు బతుకు సమస్య.

జాతీయ డోపింగ్ నిరోధక సంస్థ, అంటే నాడా, 2009లో పని ప్రారంభించింది. 2022లో ప్రత్యేక చట్టం వచ్చింది. అయినా 2023లో ఢిల్లీ అథ్లెటిక్స్ పోటీలకు నాడా సిబ్బంది వచ్చారన్న కబురు పాకగానే పురుషుల 100 మీటర్ల ఫైనల్లో ఒక్కడే పరుగెత్తాడు. స్టేడియం మరుగుదొడ్లలో వాడి పారేసిన సిరంజీలు కనిపించాయి.

ఒంట్లో దొరికిన మందుకు క్రీడాకారుడే బాధ్యుడన్నది ఈ నిబంధనలకు మూలం. లేబుల్ లేని ప్రోటీన్ డబ్బా ఎవరిచ్చినా జవాబు చెప్పాల్సింది తాగినవాడే. అయితే పట్టుబడింది ‘రక్షిత వ్యక్తి’ (అంటే పదహారేళ్ల లోపువారు, పద్దెనిమిదేళ్ల లోపువారిలోనూ కొందరు) అయితే చుట్టూ ఉన్న కోచ్‌నీ, సహాయకులనూ తప్పనిసరిగా విచారించాలని 2021 ప్రపంచ డోపింగ్ నిరోధక నియమావళి చెబుతోంది. బడి వయసులోనే పిల్లలు బరువులు పట్టే మన జిల్లాల్లో ముందుగా తెలియాల్సిన నిబంధన నా దృష్టిలో ఇదే, ఎక్కువ మందికి తెలియనిదీ బహుశా ఇదే.