మిలిటరీ భూముల హద్దులు మ్యాప్‌లో గీయడం: అపోహలు - వాస్తవాలు

ఎవరైనా మార్పులు చేయగల ఆన్‌లైన్ మ్యాప్ ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో కొన్నేళ్లుగా ఎడిటింగ్ చేస్తున్నాను. చెరువు గట్టు నాలుగు మీటర్లు పక్కకు పడితే తర్వాత సరిచేసుకోవచ్చు. ఫైరింగ్ రేంజ్ హద్దు తప్పితే, మ్యాప్‌ను నమ్ముకుని నడిచే మనిషి ప్రాణం మీదికి వస్తుంది. కొత్త మ్యాపర్ల నుంచి తరచూ వినే మాటలు కొన్ని ఇవి.

అపోహ: కంచె ఎక్కడుంటే హద్దు అక్కడే.

వాస్తవం: ఎక్కువ పొరపాట్లు ఇక్కడే జరుగుతాయి. సైన్యం చేతిలో ఉన్న మొత్తం భూమి ఒకటి, కంచె వేసిన భాగం ఒకటి, కాల్పులప్పుడు మూసేసే ప్రాంతం (డేంజర్ ఏరియా) మరొకటి. ఈ మూడు గీతలూ ఒకదాని మీద ఒకటి పడాలని లేదు. వాగు అడ్డొస్తే కంచెను హద్దుకు బాగా లోపలగా వేస్తారు. తీరంలో ఉన్న రేంజ్ అయితే డేంజర్ ఏరియా సముద్రంలోకీ వెళ్తుంది. అందుకే కంచెను విడిగా ఒక గీతగా, భూమిని ఒక పాలిగాన్‌గా (చుట్టూ మూసిన ఆకారంగా), డేంజర్ ఏరియాను ఇంకో పాలిగాన్‌గా గీస్తాను. ఏ గీతకు ఆధారం దొరకలేదో ఆ గీత గీయను.

అపోహ: శాటిలైట్ చిత్రం మీద జాగ్రత్తగా గీస్తే చాలు.

వాస్తవం: చిత్రమే కొన్ని మీటర్లు జరిగి ఉండొచ్చు, కొండల్లో ఇంకా ఎక్కువ. ముందు దగ్గర్లోని పబ్లిక్ రోడ్డు జీపీఎస్ ట్రాక్‌లతో దాన్ని సరిచూసుకోవాలి. ఆకాశం బాగా కనిపించే చోట ఫోన్ జీపీఎస్ తేడా దాదాపు 5 మీటర్లు. 1:50,000 స్కేలు మ్యాప్‌లో అర మిల్లీమీటరు మందం గీత అంటే నేల మీద 25 మీటర్లు! పాత మ్యాప్ వేరే డేటమ్ (అక్షాంశ రేఖాంశాలను కొలిచే ఆధార వ్యవస్థ) మీద తయారైతే తేడా వందల మీటర్లకూ పోవచ్చు. పైగా లైసెన్సు అనుమతించని మ్యాప్ నుంచి కాపీ చేయకూడదు.

మొదట్లో నేనూ ఒక రేంజ్‌కు చెట్ల వరుస వెంబడే హద్దు గీశాను. తర్వాత చూస్తే హెచ్చరిక బోర్డులు దానికి చాలా బయట ఉన్నాయి. ఆ తప్పు ఇప్పటికీ బాధపెడుతుంది.

అపోహ: మిలిటరీ భూమి అంటే ఎప్పుడూ నో ఎంట్రీ.

వాస్తవం: ఇంగ్లండ్‌లోని శాలిస్‌బరీ ప్లెయిన్‌లో కాల్పులు లేనప్పుడు కొన్ని దారుల్లో జనం నడవచ్చు. ఎర్ర జెండా ఎగిరితే ఆగిపోవాలి. దారి చూపే చాలా రూటింగ్ ప్రోగ్రామ్‌లు పాలిగాన్‌కు ఇచ్చిన ప్రవేశ నిషేధాన్ని పట్టించుకోవు, దారికి ఉన్న ట్యాగ్‌నే (మ్యాప్‌లో దానికి తగిలించిన వివరాన్నే) చూస్తాయి. కాబట్టి నిషేధాన్ని ఏ దారికి వర్తిస్తుందో ఆ దారికే పెట్టాలి.

అపోహ: ఖాళీగా వదిలేస్తేనే దేశభద్రత.

వాస్తవం: బయటి హద్దు దారిన పోయే అందరికీ కనిపించేదే, అది తెలిస్తేనే జనం దూరంగా ఉంటారు. లోపలి సంగతి వేరు. పరుగులు నమోదు చేసే యాప్ స్ట్రావా 2017లో విడుదల చేసిన హీట్‌మ్యాప్‌లో (జనం ఎక్కువగా తిరిగిన దారులు వెలుగుతూ కనిపించే మ్యాప్‌లో) సైనిక స్థావరాల లోపల జవాన్లు పరిగెత్తిన దారులు బయటపడి పెద్ద ఆందోళనే రేగింది. అలాంటి వివరాలు నేను గీయను. ఫోటో తీయడం కూడా నేరమైన చోట్లు ఉన్నాయి, స్థానిక చట్టం తెలుసుకోకుండా కంచె దగ్గరికి కెమెరాతో వెళ్లొద్దు.

అపోహ: సైన్యం ఖాళీ చేస్తే పాలిగాన్ చెరిపేయొచ్చు.

వాస్తవం: ప్యూర్టోరికోలోని వియేకెస్ దీవిలో అమెరికా నౌకాదళం 2003లో బాంబుల సాధన ఆపేసింది. ఆ భూమిలో చాలా భాగం వన్యప్రాణుల ఆశ్రయంగా మారింది. అయినా పేలని బాంబుల వల్ల కొన్ని భాగాల్లోకి జనాన్ని వెళ్లనివ్వలేదు. ఇలాంటి చోట భూ వినియోగం ట్యాగ్ మారుస్తాను, ప్రమాదం హద్దును మాత్రం అలాగే ఉంచి, ఏ తేదీన ఏ ఆధారంతో సరిచూశానో పక్కనే రాస్తాను.