ఫార్ పాయింటర్లు: అపోహలు - వాస్తవాలు

మన దగ్గర సి ల్యాబ్ అంటే ఏళ్ల తరబడి డాస్ కాలపు కంపైలర్ టర్బో సి నీలం తెరే. అందులోనే నియర్, ఫార్, హ్యూజ్ అనే మూడు రకాల పాయింటర్లు (మెమరీ అడ్రస్‌ను దాచుకునే వేరియబుల్స్) నేర్చుకున్నాం. వైవాలో నిర్వచనం అప్పజెప్పి మార్కులు తెచ్చుకున్నాం. కానీ కంపైలర్ ఆ పాయింటర్లకు అన్ని ఆంక్షలు ఎందుకు పెట్టిందో అడిగినవాళ్లు తక్కువ. జూనియర్లకు కోడ్ నేర్పేటప్పుడు నాకు పదేపదే ఎదురయ్యే అపోహలు ఇవి.

అపోహ: ఫార్ పాయింటర్‌కు 32 బిట్లున్నాయి, మెమరీ అంతా వరసగా నడిచేస్తుంది.

నడవదు. 1978 నాటి 8086లో రిజిస్టర్లు 16 బిట్లవి, అడ్రస్ 20 బిట్లది. అందుకే అడ్రస్‌ను రెండు ముక్కలు చేశారు: మెమరీలో ఒక భాగం ఎక్కడ మొదలవుతుందో చెప్పే సెగ్మెంట్, అక్కడి నుంచి ఎంత దూరమో చెప్పే ఆఫ్‌సెట్. ఫార్ పాయింటర్‌లో రెండూ ఉంటాయి, నియర్‌లో ఆఫ్‌సెట్ ఒక్కటే. సెగ్మెంట్‌ను 16తో హెచ్చించి ఆఫ్‌సెట్ కలిపితే అసలు అడ్రస్ వస్తుంది. ఫార్ పాయింటర్‌కు ++ పెడితే కంపైలర్ ఆఫ్‌సెట్‌నే పెంచుతుంది, సెగ్మెంట్‌ను ముట్టుకోదు. ఆఫ్‌సెట్ 0తో మొదలుపెట్టి 70,000 బైట్లు రాశారనుకోండి. 65,535 దాటగానే ఆఫ్‌సెట్ మళ్లీ 0కి వస్తుంది, చివరి 4,464 బైట్లు మొదట రాసినవాటి మీదే పడతాయి. ఎర్రర్ రాదు, ప్రోగ్రామ్ ఆగదు. పనిలో చేరిన కొత్తలో ఇలాంటి తప్పుకే రెండు రోజులు పోగొట్టుకున్నాను. ఫైలు చివర అంతా సరిగ్గానే ఉంది, చెడింది మొదలు. నేనేమో చివరే వెతుకుతూ కూర్చున్నాను.

మరి సెగ్మెంట్‌ను కూడా సర్దొచ్చు కదా? ఆ పని హ్యూజ్ పాయింటర్ చేస్తుంది. కానీ ప్రతి ++కీ అదనపు లెక్క పడుతుంది, లూప్ నెమ్మదిస్తుంది. ఆ ఖర్చు వద్దనుకునేవాళ్ల కోసమే ఫార్.

అపోహ: రెండు పాయింటర్లు ఒకే చోటును చూపిస్తే == నిజమే అవుతుంది.

సెగ్మెంట్:ఆఫ్‌సెట్ పద్ధతిలో, హెక్సాలో 1000:0010, 1001:0000 రెండూ ఒకే బైటు. లెక్క కట్టి చూడండి, రెండిటికీ 10010 వస్తుంది. అయినా == పెడితే కాదంటుంది, ఎందుకంటే అది 32 బిట్లనూ యథాతథంగా పోలుస్తుంది. < మాత్రం ఆఫ్‌సెట్‌నే చూస్తుంది. ఈ తేడా వెనక మంచి కారణం ఉంది. టెక్స్ట్ మోడ్ కలర్ స్క్రీన్ మెమరీ బి800:0000 దగ్గర మొదలవుతుంది. == కూడా ఆఫ్‌సెట్‌నే చూస్తే ఆ పాయింటర్ నల్ (ఎటూ చూపని 0000:0000 పాయింటర్) అయిపోయేది! హ్యూజ్ పాయింటర్లలో ఆఫ్‌సెట్‌ను 0 నుంచి 15 లోపుకు కుదిస్తారు కాబట్టి అక్కడ పోలికలు నమ్మొచ్చు.

అపోహ: హ్యూజ్ మోడల్ ఎంచుకుంటే పాయింటర్లన్నీ హ్యూజ్ అయిపోతాయి.

మోడల్ అంటే కోడ్‌కూ డేటాకూ మామూలుగా ఏ రకం పాయింటర్లు వాడాలో కంపైలర్‌కు చెప్పే సెట్టింగ్. టర్బో సిలో అవి హ్యూజ్ అవ్వవు, ఫార్‌గానే ఉంటాయి. ఆ మోడల్ సడలించేది స్టాటిక్ డేటా మొత్తానికి ఉన్న 64 కేబీ హద్దునే. హ్యూజ్ కావాలంటే డిక్లరేషన్‌లో మీరే రాయాలి. ఒకే లైన్లో రెండు పాయింటర్లు డిక్లేర్ చేస్తే రెండోదానికీ విడిగా రాయాలి, లేకుంటే అది మోడల్ డిఫాల్ట్‌కే పోతుంది.

అపోహ: సస్పీషియస్ పాయింటర్ కన్వర్షన్ వార్నింగ్‌కు కాస్ట్ (రకాన్ని బలవంతంగా మార్చడం) పెట్టేస్తే సరి.

వద్దు. పాయింటర్లు నియర్‌గా ఉండే స్మాల్ మోడల్‌లో ఫార్‌ను నియర్‌కు ఇస్తే సెగ్మెంట్ పోతుంది. కాస్ట్ పెడితే వార్నింగ్ పోతుందే కానీ పోయిన సెగ్మెంట్ తిరిగి రాదు.

అపోహ: ఇదంతా డాస్‌తోనే పోయింది.

పోలేదు. టర్బో సి మీడియం మోడల్‌లో ఫంక్షన్ పాయింటర్ 4 బైట్లు, డేటా పాయింటర్ 2 బైట్లు. కాంపాక్ట్‌లో సరిగ్గా తిరగేసి. సి ప్రమాణం ఈ రెండూ ఒకే సైజులో ఉండాలని ఇప్పటికీ అనదు. వేర్వేరు అర్రేల్లోకి చూపే పాయింటర్లను <తో పోలిస్తే ఫలితానికి హామీ ఇవ్వదు. ఇక ఆర్డుయినో ఊనో ఆర్3 బోర్డు చేతిలోకి తీసుకోండి. అందులోని చిప్‌కు 32 కేబీ ఫ్లాష్, 2 కేబీ ర్యామ్, రెండిటికీ వేర్వేరు అడ్రస్‌లు. 500వ అడ్రస్ అంటే ఫ్లాష్‌లో ఒకటి, ర్యామ్‌లో ఇంకొకటి. ప్రోగ్‌మెమ్‌లో, అంటే ఫ్లాష్‌లో, పెట్టిన స్ట్రింగ్‌ను మామూలు పాయింటర్‌తో చదివితే ర్యామ్‌లోని చెత్త వస్తుంది. సీరియల్ మానిటర్‌లో పిచ్చి అక్షరాలు కనబడితే, బోర్డు మార్చే ముందు ఆ పాయింటర్ ఎటు చూస్తోందో చూడండి.